మార్కులు గీసిన గీత

బాగా చదివేవాళ్లు ఒక సెక్షన్, వెనుకబడ్డవాళ్లు మరో సెక్షన్. బడుల్లో ఎప్పటి నుంచో ఉన్న ఈ పద్ధతి పిల్లలకు మేలు చేస్తోందా, కీడు చేస్తోందా? నూజివీడు మామిడి తోటల మధ్య ఉన్న ముసునూరు నుంచి సుప్రీంకోర్టు దాకా, కెన్యా నుంచి సింగపూర్ దాకా నలుగుతున్న ప్రశ్న ఇది.

ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్. బోర్డు మీద ఏకచరరాశి రేఖీయ సమీకరణం. మాస్టారు సుద్దముక్క దించేలోపే మూడో బెంచీ అమ్మాయి జవాబు చెప్పేస్తుంది. చివరి బెంచీ పిల్లాడి నోటు పుస్తకంలో మాత్రం 62 లోంచి 38 పోతే 36 అని ఉంటుంది. వాడు ఏమరుపాటున చేసిన తప్పు కాదది. 2 లోంచి 8 పోదు కాబట్టి, 8 లోంచి 2 తీసి 6 వేశాడు. 6 లోంచి 3 తీసి 3 వేశాడు. పదుల స్థానం నుంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలని చిన్న తరగతిలో ఎవరో చెప్పే ఉంటారు. అది వాడికి అందలేదు. ఏటా తరగతి మారాడు కానీ ఆ తీసివేత మారలేదు.

ఇద్దరికీ అదే పుస్తకం, అదే పీరియడ్, అదే మాస్టారు. అమ్మాయి వేగంతో పాఠం నడిపితే పిల్లాడు గోడవైపు చూస్తూ కూర్చుంటాడు. వాడి కోసం ఆగితే అమ్మాయికి విసుగు. ఇలాంటి గది ముందు నిలబడ్డ ఏ ఉపాధ్యాయుడికైనా మొదట తోచే ఉపాయం ఒకటే: ఇద్దరినీ వేరు చేస్తే పోలా?

ఈ అంతరం ఎంతో అంచనా కట్టినవాళ్లున్నారు. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనీమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. వాళ్లు పరీక్షించిన పిల్లల్లో ఆరో తరగతివారు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ వెనుకబాటు నాలుగున్నర తరగతులకు చేరింది. ఒకే గదిలో కూర్చున్న పిల్లల మధ్య ఐదారు తరగతుల తేడా కనిపించింది. అంటే రిజిస్టర్‌లో ఉన్నది ఒక తరగతే అయినా బెంచీల మీద ఉన్నవి ఐదారు.

ఊరి చుట్టూ జల్లెడలు

ముసునూరు మెట్ట ప్రాంతం. పక్కనే తమ్మిలేరు, ఆ ఒడ్డున శివరాత్రికి జనం పోటెత్తే బలివే, ఎటు చూసినా బంగినపల్లి, చిన్న రసాలు, కలెక్టరు కాయల తోటలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో ఈ మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. ఇక్కడి పిల్లల చదువును గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. విడదీయడం అనేది హైస్కూలు మెట్లెక్కాక మొదలయ్యే పని కాదు. అంతకుముందే సగం అయిపోయి ఉంటుంది.

మొదటి జల్లెడ ప్రాథమిక బడి చివర్లో. ముసునూరులోనే ఏపీ గురుకుల బాలికల పాఠశాల ఉంది. గురుకులాల్లో ఐదో తరగతి సీటు కావాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ గురుకులాలకు మూలం 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో పడింది. పి.వి. నరసింహారావు చొరవతో తొలి బడి అక్కడ తెరిచారు. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి వచ్చాయి. పల్లెల్లో పేదింట పుట్టిన చురుకైన పిల్లలను ఏరి, తిండి, బట్ట, చదువు ఇచ్చి పైకి తేవాలన్నది ఆలోచన. ఆ బడుల నుంచి వచ్చిన ఐఏఎస్‌లు, డాక్టర్లు, ఇంజినీర్ల జాబితా చిన్నది కాదు.

1986 జాతీయ విద్యావిధానంతో జవహర్ నవోదయ విద్యాలయాలు వచ్చాయి. ఈ ప్రాంతానికి దగ్గర్లో ఒకటి బాపులపాడు మండలం వేలేరులో, ఇంకొకటి పెదవేగిలో ఉన్నాయి. ఐదో తరగతి చదువుతూనే పరీక్ష రాయాలి. ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతి సీట్లు 80. అందులో కనీసం నాలుగింట మూడొంతులు పల్లె పిల్లలకే. వీటికి తోడు సాంఘిక సంక్షేమ, బీసీ, గిరిజన గురుకులాల పరీక్షలు వేరు. డబ్బు పెట్టగలిగిన ఇళ్ల ముందు పొద్దున్నే ప్రైవేటు బడి బస్సు ఆగుతుంది. అదీ ఒక జల్లెడే, కాకపోతే పరీక్ష పిల్లలకు కాదు, తల్లిదండ్రుల జేబుకు.

ఇన్ని జల్లెడలు దాటాక ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు ఆరో తరగతిలో ఎవరుంటారు? తోట కాపలాకు వచ్చిన కుటుంబాల పిల్లలు, కూలి పనుల కోసం ఊళ్లు మారేవారి పిల్లలు, పరీక్ష సంగతే తెలియని ఇళ్ల పిల్లలు, పరీక్ష రాసినా సీటు రానివాళ్లు, ఆడపిల్లను హాస్టల్‌కు పంపడం ఇష్టం లేక ఆపిన ఇళ్ల పిల్లలు. వీళ్లలో చురుకైనవాళ్లకు కొదవ లేదు. కానీ ‘అన్ని రకాల పిల్లలూ కలిసిన తరగతి’ అని మనం అనుకునేది పల్లెల్లో ఎప్పుడో చెదిరిపోయింది. కలిపి ఉంచాలా, విడదీయాలా అనే చర్చ ఇక్కడ విడదీశాక మిగిలినవాళ్ల మీద జరుగుతోంది.

2009 విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ బడిలో చేర్చుకోవడానికి పిల్లలను వడపోయకూడదని చెప్పింది. నవోదయ, కేంద్రీయ, సైనిక పాఠశాలల వంటివాటిని అదే చట్టం ప్రత్యేక కోవలో పెట్టింది. కొవిడ్ కాలంలో పరీక్ష పెట్టే వీలు లేక ఏపీ గురుకులాలు లాటరీ తీసి సీట్లు ఇచ్చాయి. ఆ తర్వాత మళ్లీ పరీక్షే వచ్చింది.

నూజివీడు లెక్క వేరు

పదో తరగతి తర్వాత ఇంకో జల్లెడ. ముసునూరుకు పక్కనే నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన మూడు క్యాంపస్‌లలో ఒకటి. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు, చివర్లో బీటెక్ పట్టా.

ఇక్కడ ఒక చిన్న నిబంధన చాలా చెబుతుంది. హాస్టల్ లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్ బడుల్లో చదివిన పిల్లల మార్కులకు మరో 4 శాతం కలుపుతారు. ‘డిప్రివేషన్ స్కోర్’ అంటారు దాన్ని. రోజూ ఇంటి నుంచి నడిచివచ్చి, సాయంత్రం తోటలో పని చూసుకుని చదివిన పిల్ల తెచ్చుకున్న మార్కు, స్టడీ అవర్లూ ట్యూషన్లూ ఉన్న పిల్ల తెచ్చుకున్న మార్కుతో సమానం కాదని ఆ నిబంధన ఒప్పుకుంటోంది. మార్కును చూసి పిల్లలను వేరు చేసే పద్ధతుల్లో, ఆ మార్కు ఎక్కడి నుంచి వచ్చిందని కూడా అడిగినది బహుశా ఇదొక్కటే. బడి లోపల సెక్షన్లు వేసేటప్పుడు ఈ ప్రశ్న అడిగేవారు లేరు. యూనిట్ టెస్టు మొత్తం మార్కులు చూస్తారు, పైనుంచి సగం ‘ఏ’, కింది సగం ‘బీ’.

ప్రభుత్వ బడుల్లో ఈ గీత ఒకసారి వేరే పేరుతో వచ్చింది. 2008-09లో ఉమ్మడి రాష్ట్రంలో దాదాపు 6,500 ఉన్నత పాఠశాలల్లో ‘సక్సెస్’ పథకం కింద ఇంగ్లీష్ మీడియం సెక్షన్లు తెరిచారు. తెలుగు మీడియం పక్కనే నడిచాయి. కాగితం మీద అది భాష ఎంపిక. ఆచరణలో చాలాచోట్ల చురుకైనవాళ్లు, ఇంట్లో పట్టించుకునే పెద్దలున్నవాళ్లు అటు వెళ్లారు. తెలుగు సెక్షన్ మిగిలినవాళ్లది అయింది. పిల్లలు తమను తాము ‘ఈఎం’, ‘టీఎం’ అని చెప్పుకోవడం అలవాటైంది. ఎవరూ సామర్థ్యాన్ని బట్టి విడదీయమని ఉత్తర్వు ఇవ్వలేదు. అయినా విడిపోయారు.

గోడ మీద ర్యాంకులు

విడదీయడాన్ని వ్యాపార సూత్రంగా మార్చినది మాత్రం కోచింగ్ రంగం. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య ఐఐటీ శిక్షణ నడిపిన రోజుల్లో అక్కడ చేరడానికే ఓ ప్రవేశ పరీక్ష ఉండేది. ఆ ప్రవేశ పరీక్షకు శిక్షణ ఇచ్చేవాళ్లూ పుట్టుకొచ్చారు. విజయవాడ, గుంటూరు, నెల్లూరుల్లో పెరిగిన కార్పొరేట్ కాలేజీలు ఆ నమూనాను వేల మందికి విస్తరించాయి.

సూపర్ 60, స్టార్ బ్యాచ్, సి-120, స్పార్క్ వంటి పేర్లు తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసినవే. స్కూలు స్థాయిలో ఒలింపియాడ్, టెక్నో, కాన్సెప్ట్ అంటారు. వారాంతపు పరీక్ష, సోమవారం ర్యాంకుల జాబితా, కొన్ని పరీక్షలకోసారి సెక్షన్ల మార్పు. పై సెక్షన్‌కు పేరున్న సీనియర్ లెక్చరర్లు, కింది సెక్షన్లకు కొత్తగా చేరినవాళ్లు. ఫీజులో రాయితీ పై సెక్షన్‌కే, టీవీ ప్రకటనల్లో ఫొటోలూ ఆ సెక్షన్‌వే. ఆ ప్రకటనల ఖర్చు కింది సెక్షన్ల ఫీజుల్లోంచి వస్తుంది. పండక్కి ఇంటికొచ్చిన పిల్లాణ్ని బంధువులు మొదట అడిగే ప్రశ్న, ‘ఏరా, ఏ బ్యాచ్?’

దీని మూల్యం ఎంతో తెలుగు ప్రభుత్వాలకు తెలియనిది కాదు. విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. కోచింగ్ సెంటర్లు 16 ఏళ్లలోపు వారిని చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అయితే ‘ఐఐటీ ఫౌండేషన్’ ఆరో తరగతి నుంచి బడి లోపలే నడుస్తుంటే ఆ వయసు నిబంధనకు పని ఉండదు.

2023 జులైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం 2025 జులై 25న దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు విధించింది. అందులో ఒకటి నేరుగా సెక్షన్ల గురించే. విద్యాసంస్థలు, ముఖ్యంగా కోచింగ్ కేంద్రాలు, చదువులో ప్రతిభను బట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో కించపరచడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం సాధ్యమైనంత వరకు మానుకోవాలన్నది దాని సారాంశం. ఆంధ్ర గడ్డ మీది కేసు నుంచి వచ్చిన ఆదేశమిది. ‘సాధ్యమైనంత వరకు’ అన్న వెసులుబాటు పట్టుకుని వేలాడే సంస్థలు ఉండొచ్చు. కానీ బ్యాచ్‌ల విభజనను కించపరచడంతో ఒకే వాక్యంలో చేర్చి కోర్టు చెప్పాల్సింది చెప్పింది.

విడదీస్తే లాభమన్న లెక్కలు

అయితే విడదీయడం అన్నిచోట్లా చేటేనా? తొందరపడి అవుననేస్తే సాక్ష్యం ఒప్పుకోదు.

పశ్చిమ కెన్యాలో ఎస్తర్ డఫ్లో, పాస్కలీన్ డుపా, మైకేల్ క్రెమర్ 121 ప్రాథమిక బడుల్లో ఒక ప్రయోగం చేశారు. ఒకటో తరగతికి అదనంగా ఒక టీచర్‌ను ఇచ్చి రెండు సెక్షన్లు చేశారు. కొన్ని బడుల్లో మార్కులను బట్టి, మిగతా బడుల్లో చీటీలు తీసినట్టు ఎలాపడితే అలా. 2011లో అచ్చయిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. మార్కులను బట్టి విడదీసిన బడుల్లో పై సెక్షన్ పిల్లలూ, కింది సెక్షన్ పిల్లలూ ఇద్దరూ మెరుగ్గా నేర్చుకున్నారు. గీతకు కొంచెం పైనా, కొంచెం కిందా ఉన్న పిల్లల మధ్య చివరికి తేడా కనిపించలేదు. కారణం? కింది సెక్షన్ టీచర్ సిలబస్ పరుగు ఆపి, పిల్లలు ఉన్నచోటి నుంచి మొదలుపెట్టగలిగారు.

మన దేశంలో ‘ప్రథమ్’ సంస్థ చేస్తున్నదీ అదే. 62 లోంచి 38 తీయలేని పిల్లవాడు మూడో తరగతిలో ఉన్నా ఐదులో ఉన్నా ఒకే గుంపు. రోజులో గంట, రెండు గంటలు వాడికి రావాల్సిన మెట్టు దగ్గర కూర్చోబెట్టి నేర్పుతారు. వచ్చేయగానే తర్వాతి గుంపులోకి పంపుతారు. మిగతా రోజంతా తన తరగతిలోనే. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక బడుల్లోనూ ‘టార్ల్’ (టీచింగ్ ఎట్ ది రైట్ లెవెల్) పేరుతో ఈ పద్ధతి నడిచింది. అవసరం ఎంతుందో పల్లె పిల్లల చదువుపై ‘ప్రథమ్’ చేసే అసర్ సర్వే చెబుతోంది. 2024లో దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు సగం కన్నా తక్కువ.

కలిపితే నష్టం లేదన్న లెక్కలు

చదువు రానివాళ్లను పక్కన కూర్చోబెడితే చురుకైనవాళ్లు చెడిపోతారన్న భయం తల్లిదండ్రుల్లో బలంగా ఉంది. దానికి జవాబు మన రాష్ట్రంలోనే దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఓ పెద్ద ప్రయోగం చేశారు. ప్రభుత్వ బడిలోని పేద పిల్లల్లో కొందరిని లాటరీ ద్వారా ఎంపిక చేసి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగు, లెక్కల్లో ఆ పిల్లలకూ ప్రభుత్వ బడిలో ఉండిపోయినవారికీ తేడా లేదు, ఒక్క హిందీలో ముందున్నారు. ఇక్కడ ముఖ్యమైన విషయం వేరే. ఈ పిల్లలు వచ్చి పక్కన కూర్చున్నందువల్ల అప్పటికే ప్రైవేటు బడుల్లో చదువుతున్న పిల్లల చదువు దెబ్బతినలేదు.

బయటి దేశాలూ కొన్ని ఈ దారిలోనే నడుస్తున్నాయి. ఫిన్లాండ్ 1985లో సామర్థ్యాన్ని బట్టి గుంపులు చేయడం ఎత్తేసింది. సింగపూర్ కథ ఇంకా ఆసక్తికరం. పోటీకి, ర్యాంకులకు మారుపేరైన ఆ దేశం నాలుగు దశాబ్దాలకు పైగా హైస్కూలు పిల్లలను ‘ఎక్స్‌ప్రెస్’, ‘నార్మల్’ అని విడదీసింది. 2024లో హైస్కూల్లో చేరిన పిల్లలతో ఆ పేర్లకు ముగింపు పలికింది. ఇప్పుడు తరగతి అందరిదీ ఒకటే. లెక్కల్లో బలంగా, ఇంగ్లీషులో బలహీనంగా ఉన్న పిల్ల లెక్కలు పై స్థాయిలో, ఇంగ్లీషు కింది స్థాయిలో చదువుకుంటుంది. ఆటలు, బొమ్మలు, సంగీతం అందరితో కలిసి. పిల్లకు ముద్ర వేయడం మానేసి, సబ్జెక్టుకు స్థాయి పెట్టారు.

తేడా ఎక్కడుంది?

రెండు వైపుల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే గొడవ కనిపించినంత లేదు. కెన్యాలో, ‘ప్రథమ్’ తరగతుల్లో పనిచేసిన విభజనకూ, మన ‘స్టార్’ సెక్షన్‌కూ పేరొక్కటే.

మొదటిది, దేన్ని బట్టి విడదీశారన్నది. తీసివేత రాదు, గుణింతాలు రావు అని ఒక్కో నైపుణ్యాన్ని బట్టి చేసిన గుంపు పని చేస్తుంది. మొత్తం మార్కులను బట్టి చేసిన సెక్షన్‌లో లెక్కలు వచ్చి హిందీ రానివాడూ, హిందీ వచ్చి లెక్కలు రానివాడూ ఒకే చోట పడతారు. అక్కడ మాస్టారు ఎవరికి ఏం చెప్పాలి?

రెండోది, ఎంతకాలం. రోజుకో గంట, కొన్ని వారాలు, వచ్చేయగానే బయటికి. మన సెక్షన్ గోడ జూన్‌లో లేస్తే ఏప్రిల్ దాకా దిగదు. ఆరో తరగతి ‘బీ’ సెక్షన్ పిల్లాడు పదో తరగతిలోనూ ‘బీ’లోనే ఉంటాడు.

మూడోది, అసలుది, ఎవరు చెబుతున్నారన్నది. కెన్యాలో అదనంగా టీచర్‌ను పెట్టారు, ఏ సెక్షన్ ఎవరికన్నది చీటీ తీసి తేల్చారు. మన దగ్గర మంచి లెక్కల మాస్టారు ‘ఏ’ సెక్షన్‌కు వెళ్లడం ఆనవాయితీ. ఫలితాలు అక్కడే వస్తాయి కాబట్టి. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కరే టీచర్ ఉన్న హైస్కూల్లో సెక్షన్లను మార్కులను బట్టి వేస్తే, రోజు చివర్లో ఆయనలో మిగిలిన ఓపిక కింది సెక్షన్‌కు దక్కుతుంది.

ఇక ప్రభుత్వ బడుల్లో పదో తరగతికి వచ్చేసరికి విడదీయడం తప్పని పరిస్థితి ఏర్పడుతుంది. డిసెంబరులో వంద రోజుల ప్రణాళిక మొదలవుతుంది. స్లిప్ టెస్టులు, పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు, వెనుకబడ్డ పిల్లలను టీచర్లు తలా కొందరిని ‘దత్తత’ తీసుకోవడం. చాలామంది ఉపాధ్యాయులు ఇందుకోసం తమ సొంత సమయం వెచ్చిస్తున్నారు. 2025లో రాష్ట్రంలో 81.14 శాతం పదో తరగతి పాసయ్యారు. తప్పినవారిని చూస్తే ఎక్కువమంది సమస్య పదో తరగతి సిలబస్‌ది కాదు. వాళ్లు 35 మార్కులు అందుకోలేకపోవడానికి కారణం ఎప్పుడో చిన్న తరగతిలో అందని తీసివేత, రాని గుణింతం. వంద రోజుల్లో ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించి గట్టెక్కించగలరేమో కానీ, ఎనిమిదేళ్ల బాకీ తీర్చలేరు. అదే వంద రోజుల శ్రమ ఆరో తరగతి మొదట్లో పెడితే పదో తరగతిలో గుంపులు చేసే పని సగం తగ్గుతుంది.

ఏ తరగతినీ మొత్తం మార్కులతో రెండు ముక్కలు చేయనక్కర్లేదు. ఆరో తరగతిలో చేరిన మొదటి నెలలోనే ప్రతి పిల్లవాడికీ చదవడం, లెక్కల్లో చతుర్విధ ప్రక్రియలు వచ్చో రావో చూడాలి. రానివాళ్లకు రోజుకో పీరియడ్ వేరుగా చెప్పాలి, అదీ బడిలో బాగా చెప్పగలిగిన టీచర్‌తో. మిగతా రోజంతా అందరినీ కలిపి ఉంచాలి. చురుకైన పిల్లలకు కావాల్సింది వేరే గది కాదు, ఇంకొంచెం కష్టమైన లెక్కలు, ఒలింపియాడ్ పుస్తకాలు, లైబ్రరీ తాళం. ఇవి అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి కూడా ఇవ్వొచ్చు.

2024 డిసెంబరులో, మళ్లీ 2025 జులైలో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్స్ మీటింగ్‌లు జరిగాయి. ముగ్గులు వేశారు, భోజనాలు పెట్టారు, ప్రోగ్రెస్ కార్డులు చేతికిచ్చారు. ఈసారి అలాంటి సమావేశానికి వెళ్లే తల్లిదండ్రులు, ప్రైవేటు బడికి ఫీజు కట్టేవాళ్లూ సరే, మార్కులతో పాటు మూడు ప్రశ్నలు అడగండి. మా పిల్లను ఏ గుంపులో వేశారు, దేన్ని చూసి వేశారు? అందులోంచి ఎప్పుడు బయటికి వస్తుంది? ఆ గుంపుకు పాఠం చెబుతున్నది ఎవరు? మూడో ప్రశ్నకు హెడ్‌మాస్టారు తడుముకోకుండా మంచి టీచర్ పేరు చెప్పారంటే ఆ బడిలో పిల్లను నిశ్చింతగా వదిలి రావచ్చు.